భిక్షపతి పహిల్వాన్ సీదా ముక్కు

ఆ ఉదయం భిక్షపతి పహిల్వాన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. వాడకట్టు పూర్తిగా లేవకముందే ఇంట్లోంచి బయటపడాలి. శాలిబండ సడక్ మీద చార్మినార్ దిక్కుగా కొంత దూరం మెల్లగా నడవాలి. అంతే మెల్లగా వెనక్కి వచ్చి తలగడలకు ఆనుకుని పడుకోవాలి. దారిలో పరుగెత్తకూడదు, బరువెత్తకూడదు, ఊపిరి బిగబట్టకూడదు, ఎవరికీ తల వంచి దండం పెట్టకూడదు. తుమ్ము వస్తే నోరు బార్లా తెరిచి తుమ్మాలి. ఇవన్నీ డాక్టర్ బాబురావు పెట్టిన షరతులు. పొద్దున లేస్తే ఒళ్లు చెమటలో తడిసిపోయేదాకా దండ్లు తీసి, బైఠకులు కొట్టి, ఆపైన నలుగురిని మట్టి కరిపించే మనిషికి నడక కూడా ఒక కసరత్తేనని చెప్పడం అవమానంగానే తోచింది. కాని ముక్కు డాక్టరుది. కనీసం డాక్టరు అలాగే అనుకునేవాడు.

ఆ ముక్కు కథ కిషన్‌బాగ్‌లో మొదలైంది. కొన్నేళ్ల కిందట అక్కడి ముష్తాక్ పహిల్వాన్‌కూ భిక్షపతికీ పెద్ద కుస్తీ జరిగింది. గెలిచింది భిక్షపతే. అయితే వెల్లకిలా పడబోయే ముందు ముష్తాక్ మోచెయ్యి వచ్చి భిక్షపతి ముక్కుకు తగిలి, దాన్ని ఎడమపక్కకు తిప్పేసింది. ఆ గెలుపును జనం రెండు పండుగలు దాటేలోపే మరిచిపోయారు. ముక్కును మరిచిపోవడానికి వీల్లేదు, అది రోజూ ముఖం మీదే ఉండేది. ముష్తాక్ తెలివైనవాడు. తన ఇంటికి చుట్టాలొచ్చినా, దోస్తులొచ్చినా టాంగా కట్టించి శాలిబండకు తీసుకొచ్చేవాడు. కాస్త దూరంలో ఆపి, "చూడున్రి, గా ముక్కు నా చేతిపని," అని చూపించి, చాయ్ తాగించి తీసుకుపోయేవాడు. చార్మినార్ చూడవచ్చినవాళ్లకు భిక్షపతి ముక్కు కూడా చూపించి పంపడం కిషన్‌బాగ్‌లో మర్యాద కింద స్థిరపడింది. అలా గెలిచినవాడు వస్తువయ్యాడు, ఓడినవాడు దానికి యజమాని అయ్యాడు.

భిక్షపతి చాలాకాలం ఓర్చుకున్నాడు. చివరికి పత్తర్‌గట్టీలో ఫోటో తీయించుకోబోతే, ఫోటో తీసేవాడు నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి, "జర సీదా చూడున్రి పహిల్వాన్," అన్నాడు. "సీదానే చూస్తున్ననయ్యా!" అని అరిచిన ఆ క్షణంలోనే భిక్షపతి ఓర్పు తీరిపోయింది.

డాక్టర్ బాబురావు విలాయత్‌లో చదివి వచ్చినవాడు. పెద్ద లడాయిలో ముఖాలు చితికిన సిపాయిలకు ముక్కులూ దవడలూ అమర్చిన దొరల దగ్గర పని నేర్చుకుని, సుల్తాన్‌బజారు పక్క సందులో దవాఖానా పెట్టాడు. ముక్కుకు మత్తు ఎక్కించి, వంకర ఎముకను విరిచి, తిన్నగా నిలబెట్టి, పైన పట్టీ వేశాడు. ఈ సంగతి భార్య మాణిక్యమ్మకు తప్ప మరొకరికి తెలియదు. తాను కుస్తీ పట్టే తాలీంఖానాలో మాత్రం మేనమామను చూడడానికి భువనగిరి పోతున్నానని చెప్పాడు. కుస్తీలో విరిగిన ముక్కు పహిల్వాన్‌కు నగలాంటిది. అందం కోసం కత్తి కింద పడుకున్నాడని తెలిస్తే, ఉస్తాద్ తన తర్వాత తాలీంను అప్పగిస్తాడా? పిల్లలు వెంటపడి అద్దం చూపించరూ?

పట్టీ తీసిన రోజు మాణిక్యమ్మ అటు తిరిగి, ఇటు తిరిగి చూసింది. "పెండ్లినాటి ముక్కు నాకు యాదికి లేదు. రెండోదానికి అలవాటు పడ్డ. ఇప్పుడు మూడోది. ఇంకెన్ని తెస్తవో తెచ్చుకో," అంది. ఆ మాటలోనే కొంత సంతోషం కూడా ఉందేమోనని భిక్షపతి వెతికి చూసుకున్నాడు.

సరే, వాపు దిగింది, డాక్టరు నడవమన్నాడు, భిక్షపతి నడుస్తున్నాడు. తల నిటారుగా పెట్టి, అడుగు మీద అడుగేస్తూ, గుడిలో విగ్రహాన్ని ఎవరో బండి మీద తీసుకుపోతున్నట్టు పోతున్నాడు. లోపల మాత్రం ఒకటే భయం. ఎవరైనా ముక్కు గుర్తుపడితే? పాలవాడు ఎదురొచ్చాడు. "ఎప్పుడొచ్చినవన్నా?" అని అడిగి పోయాడు. మస్జిద్ నుంచి వస్తున్న పక్కవీధి పెద్దాయన ఆగి, ముఖంలోకి చూసి, "జర సన్నగైనవ్," అని మాత్రం అన్నాడు. బండి తోలుకొచ్చిన మనిషి సలాం కొట్టాడు. ముక్కు గురించి ఒక్కడూ ఒక్క మాట అనలేదు. సగం దారి పోయేసరికి భిక్షపతికి భయం పోయి, దాని స్థానంలో మెల్లగా కోపం వచ్చింది. ఇంత కష్టపడి చేయించుకున్న ముక్కును చూడడానికి ఈ బస్తీలో ఒక్కరికి కళ్లు లేవా?

తిరిగి వస్తుంటే బాబూమియా చాయ్‌దుకాణం ముందు బల్లమీద ఉస్తాద్ షఫీఉద్దీన్ కూర్చుని కనిపించాడు. తాలీంఖానాకు ఆయనే పెద్ద. శాలిబండలో సగంమందికి కుస్తీ, తక్కినవాళ్లకు కుస్తీ మీద మాట్లాడడం నేర్పినవాడు. శిష్యుడు ఎదురైతే వంగి మోకాళ్లు ముట్టి కళ్లకద్దుకోవడం అక్కడి పద్ధతి. భిక్షపతి దగ్గరికి పోయి గుంజలా నిలబడ్డాడు. చెయ్యి నుదుటి దాకా ఎత్తాడు. అంతకు మించి కదలలేదు.

ఉస్తాద్ చేతిలోని సాసరు గాల్లోనే ఆగిపోయింది. "ఏంది మియా, కమర్ పట్టేసిందా?"

"లేదు ఉస్తాద్."

ఔనని అంటే ఆయన అక్కడే నేల మీద బోర్లా పడుకోబెట్టి వీపు మీద నడుస్తాడు. నడుం నొప్పికి ఆయన దగ్గర ఉన్నది ఆ ఒక్క మందే.

"మరి మెడ?"

"మెడ మంచిగనే ఉన్నది."

"గట్లయితే పొగరన్నట్టు," అన్నాడు ఉస్తాద్ నెమ్మదిగా. ఆయన గొంతులో కోపం కన్నా బాధ ఎక్కువ వినబడింది. అది భిక్షపతి తట్టుకోలేకపోయాడు.

"అయ్యో, పొగరు కాదు ఉస్తాద్! మొక్కున్నది. తల వంచొద్దని మొక్కుకున్న."

"మన్నతా? మంచిదే. ఎప్పటిదాకా?"

భిక్షపతి అంత దూరం ఆలోచించలేదు. ఆ జవాబు కోసం ఎదురుచూస్తూ ఉస్తాద్ డబ్బీ తీసి, నస్యం గట్టిగా పీల్చాడు. కొంత గాలికి లేచి భిక్షపతి కొత్త ముక్కులోకి పోయింది. ఆ ముక్కుకు ఇది మొదటి అనుభవం. ఆపుదామనుకుంటే ఆపకూడదన్నది డాక్టరు మాట. భిక్షపతి ఆకాశం వైపు చూసి, నోరు బార్లా తెరిచాడు.

"ఆ... ము... ముష్... ష్తా!"

ఎవరు విన్నా అది తుమ్మే. కాని బాబూమియా మరుగుతున్న చాయ్ చప్పుడులో విన్నాడు. గరిటె పైకెత్తి, "ముష్తాక్! ముష్తాక్ అన్నడు ఉస్తాద్! ముష్తాక్‌ను చిత్ చేసేదాకా తల వంచడట!" అని కేకేశాడు.

ఉస్తాద్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. లేచి నిలబడి శిష్యుడి భుజాలు పట్టుకున్నాడు. "శాబాష్ బేటా! నేను నిన్ను పొగరుబోతు అనుకున్న. నా నోట్ల మట్టి పడ!"

"ఉస్తాద్, గది తుమ్ము..."

"అవు, నేను గూడ విన్న," అన్నాడు బాబూమియా భక్తిగా. "మాట మీద తుమ్ము పడ్డది. ఇగ తిరుగులేదు."

వార్తకు కాళ్లుండవు గానీ శాలిబండలో అది టాంగా ఎక్కుతుంది. పొద్దెక్కేసరికి దబీర్‌పురా స్టేషన్‌లో మూటలు మోసేవాళ్లు, ముష్తాక్ చేత మోకాళ్లు పట్టించుకుంటానని భిక్షపతి ఒట్టు పెట్టుకున్నాడని చెప్పుకున్నారు. కిషన్‌బాగ్ చేరేసరికి ఆ ఒట్టులో ముష్తాక్ మీసాలు కూడా చేరాయి. సాయంత్రానికి జవాబు వచ్చింది. కిషన్‌బాగ్ నుంచి వచ్చిన మనిషి తాలీంఖానా గడపలో నిలబడి, "వచ్చే శుక్రవారం, పొద్దు వాలినంక, మీ మట్టిలనే. ముష్తాక్ పహిల్వాన్ ఇంకొక్క మాట చెప్పమన్నడు: ఎడమ దిక్కుది అయిపోయింది, గీసారి కుడి దిక్కు తిప్పుతడట," అన్నాడు.

ఆ చివరి మాట విన్న భిక్షపతికి ముక్కులో సూదులు గుచ్చినట్టయింది.

ఇంట్లో మాణిక్యమ్మ సంగతంతా విని నెత్తి కొట్టుకుంది. "ముక్కు సీదా అయింది, బుద్ధి వంకరనే ఉన్నది. ఉన్న మాట చెప్తే ఏం పోతుండె?"

"పరువు పోతుండె."

"ఇప్పుడు ముక్కు గూడ పోతది."

అప్పుడే పక్కింటి ఆగమ్మ తోడు మజ్జిగ కోసం గిన్నె పట్టుకుని లోపలికొచ్చింది. భిక్షపతి తలగడల మీద కూర్చున్నట్టే వాలి, కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని, గంజి తాగుతున్నాడు. "ఏందక్కా, పహిల్వాన్ గిట్ల కూసున్నడు? రాత్రి మా గోడ మీదికెల్లి చూసినప్పుడు గూడ గిట్లనే కూసున్నడు. పండడా?"

"తపస్సు చేస్తున్నడు," అంది మాణిక్యమ్మ కసిగా.

ఆగమ్మ గిన్నె కింద పెట్టి రెండు చేతులూ జోడించింది. మజ్జిగ మరిచిపోయి వెళ్లిపోయింది. మరుసటి పొద్దుకల్లా, భిక్షపతి భువనగిరి గుట్ట మీద ఒక సాధువు దగ్గర విద్య నేర్చుకుని వచ్చాడనీ, ఇప్పుడు పడుకోడనీ, అన్నం ముట్టడనీ బస్తీ అంతటికీ తెలిసింది.

భిక్షపతి నేరుగా సుల్తాన్‌బజారు పోయాడు. డాక్టర్ బాబురావు వేలి కొసతో ముక్కును పైనుంచి కిందికి తడిమి, దూరంగా జరిగి, తాను కట్టిన ఇంటిని చూసుకున్నట్టు చూసుకున్నాడు. "బ్యూటిఫుల్. నడక పడిందా? నొప్పి లేదు కదా, వాపు రాలేదు కదా? అయితే ఇక కాస్త జోరుగా నడువు. ఊపిరి బిగబట్టకుండా నాలుగు బైఠకులు తియ్యి. తల కిందికి పోయే దండ్లు వద్దు. ఏది చేసినా ముక్కు బరువెక్కితే ఆపేసి, మళ్లీ ముందటి మెట్టుకు దిగు. బరువులు ఆ తర్వాత. ఇంకో మనిషి మీద పడే ఆట అన్నిటికన్నా ఆఖరున."

"శుక్రవారం కుస్తీ ఉన్నది దొరా."

"ఏ సంవత్సరం శుక్రవారం?"

భిక్షపతి చెప్పాడు. డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చూడు భిక్షపతీ, ఎముక ఇంకా పచ్చిది. ఒక్క మోచెయ్యి తగిలితే చాలు. మళ్లీ కట్టడానికి లోపల సరుకు కూడా లేదు. నిజం చెప్పెయ్యి."

"పరువు పోతది దొరా."

"పరువు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. ముక్కు పోతే నా దగ్గరికి రాకు."

ఆ మాట గట్టిగానే తగిలింది. దారంతా భిక్షపతి ఉస్తాద్‌కు ఎలా చెప్పాలో కూడబలుక్కున్నాడు. తాలీంఖానాలో అడుగుపెట్టేసరికి ఉస్తాద్ గోడకు కొత్తగా సున్నం వేయిస్తున్నాడు. "శుక్రవారం నా ఉస్తాద్‌గిరికి పండుగ బేటా," అన్నాడు. భిక్షపతి కూడబలుక్కున్న మాటలు వదిలేసి, సున్నం బాగా పట్టిందని చెప్పాడు.

ఇక సాధన. ఉస్తాద్ దండ్లు తియ్యమంటే భిక్షపతి అడ్డంగా చెయ్యి ఊపాడు. గదల్లాంటి ముగ్దర్లు ఎత్తమంటే వద్దన్నాడు. తల నిటారుగా నిలబెట్టి, ఊపిరి వదులుతూ నాలుగు బైఠకులు తీసి, ముక్కు బరువెక్కిందేమో చూసుకుని, ఆగిపోయాడు. ఆ తర్వాత నడవడానికి బయటికి పోయాడు. పెద్ద కుస్తీకి ముందు తాలీం గోడలు అదిరేలా కసరత్తు చేయడం ఉస్తాద్ ఎరుగును. ఏమీ చేయకపోవడాన్ని ఆయన మొదటిసారి చూస్తున్నాడు. కాసేపు గడ్డం నిమిరి, "గిది మనకు తెల్వని విద్య," అని తేల్చాడు. "ఎవడూ మాట్లాడకున్రి. చూసి నేర్చుకోన్రి."

శిష్యులు చూసి నేర్చుకున్నారు. మరుసటి పొద్దున భిక్షపతి నడకకు బయలుదేరి కొంత దూరం పోయాక, వెనక ఏదో అలికిడై ఆగాడు. వెనక్కి తిరిగితే తాలీం మొత్తం వరసగా నిలబడి ఉంది. అందరూ తలలు ఆకాశానికెత్తి, ఊపిరి వదులుతూ, అడుగు మీద అడుగేస్తూ వస్తున్నారు. ఆ వరస ముందు శివయ్య అనే బలశాలి ఉన్నాడు. అంతటి మనిషి తల ఎత్తడంలో మిగతావాళ్లకన్నా ఎక్కువ భక్తి చూపించడంతో ఎదురుగా వచ్చిన బర్రెను చూసుకోలేదు. బర్రె బెదిరింది, టాంగా గుర్రం దాన్ని చూసి బెదిరింది. శివయ్య మోరీలో పడ్డాడు. పడి కూడా తల వంచలేదని బస్తీవాళ్లు తర్వాత గొప్పగా చెప్పుకున్నారు. బండ్లన్నీ ఆగిపోయి, టాంగావాళ్లు కొరడాలు ఆడిస్తూ లొల్లి చేస్తుంటే, "శుక్రవారం దాకా ఓపిక పట్టున్రి భాయ్, తాలీంవాళ్ల విద్య నడుస్తున్నది," అని బాబూమియా వాళ్లకు చాయ్ అమ్మాడు.

"గిప్పుడు నవ్వొస్తున్నది," అంది మాణిక్యమ్మ ఆ సాయంత్రం గంజి పోస్తూ. "శుక్రవారం ఏడుపొస్తది. నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"నేనే చెప్త."

"ఎప్పుడు?"

"మట్టిల దిగినంక," అన్నాడు భిక్షపతి. అంతకన్నా ముందు చెప్పే ధైర్యం తనకు లేదని అతనికి తెలుసు.

శుక్రవారం పొద్దు వాలేసరికి తాలీంఖానా గోడల మీద జనం, చెట్ల మీద జనం. పక్కనే ఉన్న ఆగమ్మ ఇంటి డాబా మీద ఆడవాళ్లంతా చేరారు. వాళ్ల మధ్య మాణిక్యమ్మ పిట్టగోడ పట్టుకుని నిలబడి ఉంది. కిషన్‌బాగ్ నుంచి టాంగాల వరస వచ్చింది. ముష్తాక్ లోపలి గదిలో లంగోటా కట్టుకుంటున్నాడు. ఇటు భిక్షపతి తల కదలకుండా గొంతుక్కూర్చుని, చిటికెడు మట్టి తీసి నుదుటికి రాసుకుని, లేచాడు. ఆ తీరు చూసి జనం కేరింతలు కొట్టారు. అతను చెయ్యెత్తాడు. అందరూ గప్‌చిప్ అయ్యారు.

"అన్నలారా, భాయ్‌లారా, ఉస్తాద్, నన్ను మాఫ్ చెయ్యున్రి," అన్నాడు. "నాకు మొక్కు లేదు, మన్ను లేదు. నేను భువనగిరి పోలె. డాక్టరు దగ్గరికి పోయి నా ముక్కు సీదా చేయించుకున్న. తల వంచొద్దని డాక్టరే చెప్పిండు. కుస్తీ పడితే ముక్కు పోతది. గందుకే నేను పట్ట."

భిక్షపతి కళ్లు మూసుకున్నాడు. తర్వాత నవ్వు మొదలైంది. కాని అది అతను భయపడిన నవ్వు కాదు. శివయ్య మట్టి పక్కన నిలబడి కడుపు పట్టుకున్నాడు. "ఏ ముక్కన్నా? గీ ముక్కేనా? గిది ఎప్పుడూ గిట్లనే ఉండె గదా!"

"అవు, గిట్లనే ఉండె!" అన్నారు గోడ మీదివాళ్లు. రోజూ చూసేవాళ్లు గనుక వాళ్లకు అనుమానమే లేదు.

ఉస్తాద్ ముఖం వెలిగిపోయింది. "సమజైందా? తన ముక్కు ముట్టుకోకుండనే ముష్తాక్ ఓడిపోతడని ఎకసక్కెం చేస్తున్నడు. వాహ్ బేటా!"

"ఉస్తాద్, ఒట్టు! నిజంగ చెప్తున్న!"

"నిజంగనే అంటున్నడు, చూడున్రి!" అన్నాడు ఉస్తాద్ ఇంకా పొంగిపోయి.

అప్పుడు ముష్తాక్ తొడలు చరుచుకుంటూ మట్టిలోకి దిగాడు. అతని వెంట వచ్చిన కిషన్‌బాగ్ పెద్దలు ముందు వరసలో కూర్చుని ఎదురుగా ఉన్న మనిషిని చూశారు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లలో తెల్లగడ్డం పెద్దాయన లేచి, "ఠైరో! గీ మనిషెవడు?" అన్నాడు.

"భిక్షపతి పహిల్వాన్!" అన్నారు శాలిబండవాళ్లు.

"మాకు భిక్షపతి ఎర్క లేడా? యాడాదికి నాలుగుసార్లు వచ్చి చూసిపోతున్నం. భిక్షపతి ముక్కు గిట్లుంటది," అని ఆయన తన ముక్కును వేలితో ఎడమకు తోసి చూపించాడు. "గిప్పుడు ఇంకెవడినో తెచ్చి నిలబెట్టిన్రు. దగా!"

అటువైపు జనమంతా లేచి నిలబడ్డారు. శాలిబండవాళ్లూ లేచారు. ఇతనే అతనని వీళ్లు, ఇతను అతను కాదని వాళ్లు. ఇన్నాళ్లూ ముక్కు సంగతి ఎవరికీ తెలియకూడదని దాచుకున్న మనిషి ఇప్పుడు తానే భిక్షపతినని నిరూపించుకోవలసి వచ్చింది. "అన్నా, నేనేనే! నేనే భిక్షపతిని!" అని అతను అటు తిరిగి, ఇటు తిరిగి మొత్తుకుంటుంటే వినేవాడు లేడు. ఉస్తాద్ అడ్డం పోయి, "నా శిష్యుణ్ని నేను గుర్తుపట్టనా? గిటు రా, ముక్కు ముట్టి చెప్త," అని చెయ్యి చాచాడు.

డాబా మీద నుంచి కేక వినబడింది.

"ముట్టకున్రి! గా ముక్కు ముట్టినోని చెయ్యి విరగ్గొడ్త!" మాణిక్యమ్మ పిట్టగోడ మీదికి సగం ఎక్కింది. "గంజి పోసి, తడిగుడ్డలేసి, రాత్రిళ్లు కూసోబెట్టి కాపాడిన ముక్కు! డాక్టరు చేసిన ముక్కు! నా మొగన్ని నేను గుర్తుపట్టనా?"

ఏ పెండ్లామూ పరాయివాడి ముక్కు కోసం అంత అరవదని అందరికీ తోచింది. చాచిన చెయ్యి ఉస్తాద్ మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

ముష్తాక్ దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, ఎడమ నుంచి చూశాడు, కుడి నుంచి చూశాడు. అతని కింది పెదవి వణకడం భిక్షపతికి ఒక్కడికే కనిపించింది.

"నా ముక్కేది?" అన్నాడు ముష్తాక్.

"నీ ముక్కు నీ ముఖానికే ఉన్నది గదనే."

"గది కాదు. నేనిచ్చిన ముక్కు! ఏం చేసినవ్ దాన్ని? గింతకాలం నా పేరు దాని మీదనే నిలబడ్డది. వచ్చే వారం నా బామ్మర్దులు గుల్బర్గా నుంచి వస్తున్నరు. వాళ్లకు ఏం చూపించాలె?"

అంత పెద్ద మనిషి మట్టిలో చతికిలబడి ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. కుస్తీలో పడేసినప్పుడు కలగని జాలి భిక్షపతికి ఇప్పుడు కలిగింది. తల నిటారుగా ఉంచుకుని పక్కనే కూర్చున్నాడు.

"ఫికర్ చెయ్యకు భాయ్. నన్ను రోజూ అందరూ నీ ముక్కుగనే చూసిన్రు, నన్నెవడు చూసిండు? గందుకే చేయించుకున్న."

ముష్తాక్ తలెత్తాడు. చాలాసేపు ఆ సీదా ముక్కును చూశాడు. తర్వాత తన చెవులు తడుముకున్నాడు. అవి నూనెలో పొంగిన పకోడీల్లా ముద్దగా అతుక్కుని ఉంటాయి. "గివి చూసినవా? గీ రెండూ నీ చేతిపనే. నువ్వు మెడల పట్టు పట్టినప్పుడు అయినయ్. నీ ముక్కు సీదా అయింది. నా చెవులు ఏం పాపం చేసినయ్?" గొంతు తగ్గించి, "గా డాక్టరు ఏడుంటడు?" అన్నాడు.

గొంతు ఎంత తగ్గించినా చుట్టూ చెవులున్నాయి, అన్నీ పకోడీలే. భిక్షపతి ఇక నవ్వులపాలైనట్టేనని కళ్లు మూసుకునేలోపు శివయ్య పక్కకు వచ్చి చేరాడు. "అన్నా, మోరీల పడ్డప్పుడు నా ముందు పన్ను పోయింది. పన్ను గూడ చేస్తడా?" వెనకనుంచి ఎవరో కనుబొమ్మ మీది మచ్చ చూపించారు. ఉస్తాద్ అందరినీ గదమాయించి, తాలీం గౌరవం గురించి రెండు మాటలు చెప్పి పంపించేసి, చివరికి భిక్షపతి ఒక్కడే మిగిలాక గడ్డం నిమురుకుంటూ అడిగాడు. "బేటా, ముసలోళ్లకు గూడ చేస్తడా?"

కుస్తీ ఎటూ కాకుండా ముగిసింది. పరువు పోలేదు. నెలలు గడిచాయి. భిక్షపతి జోరు నడకకు, తర్వాత దండ్లకు, తర్వాత ముగ్దర్లకు ఎదిగాడు. ఒకసారి ముక్కు బరువెక్కితే డాక్టరు చెప్పినట్టే ఒక మెట్టు దిగి, మళ్లీ ఎక్కాడు. చివరికి డాక్టర్ బాబురావు ముక్కును అటూ ఇటూ కదిపి చూసి, "ఇక వెళ్లు. ఎవరితోనైనా కుస్తీ పట్టు," అన్నాడు.

మరుసటి పొద్దున భిక్షపతి ఒంటికి నూనె రాసుకుని, లంగోటా బిగించి, పరుగు మీద తాలీంఖానాకు పోయాడు. మట్టి తవ్వక గట్టిపడి ఉంది. గోడపక్క ఉస్తాద్ షఫీఉద్దీన్ రెండు చెవులకూ పట్టీలతో తలగడకు ఆనుకుని కూర్చున్నాడు. శివయ్య నోరు తెరవకుండా చెయ్యి అడ్డంగా ఊపాడు. బయట సడక్ మీద కిషన్‌బాగ్ నుంచి వచ్చిన ముష్తాక్ తలకు గుడ్డ కట్టుకుని, తక్కిన శిష్యులందరినీ వెంటేసుకుని, అడుగు మీద అడుగేస్తూ నడుస్తున్నాడు.

"ఎవరన్న ఒక్కరు రారా, జర పట్టు పడదాం!" అన్నాడు భిక్షపతి.

"డాక్టరు వద్దన్నడు," అన్నారు అందరూ, తలలు కదపకుండా.

కుస్తీకి ఇద్దరు మనుషులు కావాలన్న సంగతి మాత్రం డాక్టర్ బాబురావు విలాయత్‌లో చదువుకోలేదు.